శనివారం పూట రుచి చూసినందుకు

కాఫ్స్ హార్బర్,
మార్చి 9

ప్రియమైన నీరజా,

ఫోన్ ఉండగా ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావా? గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి మా ఆయన కౌశల్ ఇంట్లోంచే పనిచేస్తున్నాడు. నేను ఏ గదిలో మాట్లాడినా అతనికి వినపడుతుంది. ఈ సంగతి మాత్రం అతని చెవిన పడకూడదు. అందుకే మీ హాస్పిటల్ ఫార్మసీకే రాస్తున్నాను. జవాబు మా లైబ్రరీ అడ్రసుకి రాయి.

ముందు మంచి కబురు. నేను బార్బెక్యూ పోటీల జడ్జిని కాబోతున్నాను! చదువుకునే రోజుల్లో క్లేటన్‌లో మన అద్దె ఇంట్లో సాంబారు వాసన చూసి ఉప్పు తక్కువైందని చెప్పేదాన్ని, గుర్తుందా? ఆ ముక్కే ఇప్పుడు పనికొచ్చింది. మా లైబ్రరీకొచ్చే డెబ్ అనే ఆవిడ ఇక్కడి సంఘంలో సీనియర్ జడ్జి. నా లంచ్ బాక్సులో గోంగూర మటన్ ఒక ముక్క తిని, అందులో ఏమేం వేశానో అడిగి, "నీ నాలుక ఇలా వృథా కావడానికి వీల్లేదు, లవ్" అని పట్టుబట్టి జడ్జిల శిక్షణ క్లాసులో చేర్చింది.

ఎంత పద్ధతిగా ఉంటుందో తెలుసా! సెంటు పూసుకోకూడదు. బల్ల దగ్గర మాట్లాడకూడదు. బాగుందో లేదో మొహంలో కూడా కనపడనివ్వకూడదు. మూత పెట్టిన డబ్బా మీద నంబరు తప్ప వండినవాళ్ల పేరుండదు. చేత్తోనే తినాలి, ముక్కకీ ముక్కకీ మధ్య ఉప్పు బిస్కెట్టు, మంచినీళ్లు. అందరం కుడి చెయ్యెత్తి, నిజాయితీగా మార్కులు వేస్తామని ప్రమాణం చేశాం.

నా భయం అక్కడే మొదలైంది. ఆపరేషన్ థియేటర్ బయట నేను మొక్కుకున్న మొక్కు నీకు తెలుసు. కౌశల్ బతికి బయటికొస్తే శనివారాలు మాంసం ముట్టనని వెంకన్నకి మాటిచ్చాను. రెండేళ్లు నిష్ఠగా ఉన్నాను. ఇక్కడ బార్బెక్యూ విందులన్నీ శనివారాలే. నేను డబ్బాలో పులిహోర తీసుకెళ్లి ఓ మూల కూర్చునేదాన్ని. కొన్నాళ్లకి పిలవడం కూడా మానేశారు. ఆ ఒంటరితనం భరించలేకే ఈ క్లాసులో చేరాను. క్లాసులూ శనివారాలే.

నిన్న తిన్నాను. పోర్క్, బ్రిస్కెట్ అనే బీఫ్ ముక్క, చికెన్. చదువుకునే రోజుల్లో బర్గర్లు తిన్నదాన్నే కాబట్టి మాంసం నాకు కొత్త కాదు. శనివారమే కొత్త. మధ్యాహ్నమంతా బాగానే ఉన్నాను. సాయంత్రం దీపం పెడదామని అగ్గిపుల్ల గీస్తే అరచేతులు దురద. చూస్తుండగానే మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. దేవుడి ముందే, నీరజా! దీపం పెట్టకుండా వెనక్కి వచ్చేశాను.

మిగతా విశేషాలేమీ లేవు. పోయిన నెల పెరట్లో లంటానా పొదలు నేనే కొట్టేశాను. నడుము మీద టిక్ పట్టుకుంది, అదే మన పిడుదు. పక్కింటావిడ స్ప్రే కొట్టి తీసింది. మొన్నటి దాకా అక్కడ దురదే.

ఏం చెయ్యమంటావో రాయి.

నీ హరి

డార్విన్,
మార్చి 17

జడ్జి హరిప్రియగారికి నమస్కారములు,

ఇక్కడ ఇంకా వాన వదల్లేదు. నీ ఉత్తరం తడిసి, అప్పడంలా అయి చేరింది. చదివి ముందు పడీ పడీ నవ్వాను, తరవాత నిన్ను తిట్టుకున్నాను.

ఏమే, లోకాన్నేలే దేవుడికి వేరే పనే లేదా? కాఫ్స్ హార్బర్‌లో ఎవరు ఏ ముక్క తిన్నారా అని కూర్చుని చూస్తుంటాడా? పొగ, మసాలా పొడులు, ఏవేవో సాసులు. వాటిలో ఏదో నీకు పడలేదు. అలర్జీ మాత్ర వేసుకో. రెండు వారాలు ఆ క్లాసు జోలికి వెళ్లకు. డాక్టరుకి చూపించు. ఫార్మసీలో ఇన్నేళ్లుగా ఉన్నాను, నా మాట విను.

కౌశల్‌కి చెప్పెయ్యవే. ఆపరేషన్ జరిగింది అతని గుండెకి, చెవులకి కాదు. నేను రేపట్నుంచి హెల్త్ టీముతో లోపలి ఊళ్లకి వెళ్తున్నాను. అక్కడ ఫోన్ అందదు. తిరిగొచ్చాక నీ ఉత్తరం నా బల్ల మీద ఉండాలి.

ప్రేమతో, కోపంతో,
నీరజ

కాఫ్స్ హార్బర్,
ఏప్రిల్ 3

ప్రియమైన నీరజా,

నీ మాటే విన్నాను. వినకుండా ఉంటే బాగుండేది.

నువ్వు చెప్పినట్టు ఆ శనివారం క్లాసు మానేశాను. ఇంట్లో పప్పు, దోసకాయ పచ్చడి. సాయంత్రం కౌశల్ సోఫాలో కూర్చున్నవాడు గుండె పట్టుకున్నాడు. మొహం బూడిద రంగులోకి మారిపోయింది. "ప్రియా, అంబులెన్స్" అన్నాడు, అంతే. దారి పొడుగునా నేను ఏడుకొండలవాడి కాళ్లు పట్టుకున్నాను. "స్వామీ, తప్పు చేసింది నేను. వెయ్యాలంటే ఆ శిక్ష నాకే వెయ్యి, అతన్ని వదిలెయ్యి" అని. హాస్పిటల్లో అన్ని పరీక్షలూ చేసి, గుండె బాగుంది, గ్యాస్ నొప్పి అన్నారు. అన్నారు. నేను మాత్రం ఆ మొహం చూశాను.

తరవాతి శనివారం క్లాసుకెళ్లి అన్నీ తిన్నాను. ఈసారి దద్దుర్లతో పాటు పెదాలు వాచాయి, కడుపులో మెలిపెట్టేసింది. బాత్రూంలో కూర్చుని బయటికి వినపడకుండా కుళాయి తిప్పుకున్నాను. అవతల గదిలో కౌశల్ క్రికెట్ చూస్తూ నవ్వుతున్నాడు. అప్పుడర్థమైంది నాకు. నా మొర స్వామి విన్నాడు. నా ఒంటి మీదికి వస్తే అతను క్షేమం. నేను తప్పించుకుంటే అతని మీదికి పోతుంది.

నిన్న బుధవారం ఇంట్లో లాంబ్ కూర వండాను. దానికీ వచ్చింది. ఇక శనివారంతో పని లేదు కాబోలు, ఏ రోజు తిన్నా నేనే అనుభవించాలి. అనుభవిస్తాను. మాత్రలు వేసుకోవడం లేదు. శిక్ష ఒప్పుకుని మళ్లీ మాత్రతో ఎగ్గొడితే అది మోసం కదా?

పన్నెండో తారీఖు శనివారం ఇక్కడి షోగ్రౌండ్‌లో అసలు పోటీ. ట్రైనీ జడ్జిగా బల్ల ముందు నాకు కుర్చీ వేశారు. పోర్క్, లాంబ్, బ్రిస్కెట్, ఒక్కొక్కటీ ఎన్నో డబ్బాలు. ఇప్పటిదాకా నేను తిన్నదంతా దాని ముందు లెక్కలోకి రాదు. భయమేస్తోంది. అయినా వెళ్తాను. మానేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను.

నాకేమైనా అయితే కౌశల్ వేళకి మందులు వేసుకునేలా చూడు.

నీ హరి

డార్విన్,
ఏప్రిల్ 12, శనివారం

హరీ,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా చేతులు ఊరుకోవడం లేదు, అందుకని రాస్తున్నాను.

నిన్న చీకటి పడ్డాక ఊళ్ల నుంచి వచ్చాను. ఇవాళ డ్యూటీకొచ్చి నీ ఉత్తరం విప్పాను. బుధవారం లాంబ్ కూర అన్న చోట ఆగిపోయాను. శనివారం పోర్క్, బుధవారం లాంబ్. వచ్చేది తిన్న వెంటనే కాదు, కొన్ని గంటలయ్యాక. పరుగెత్తుకెళ్లి మా అలర్జీ డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీ స్నేహితురాలు తూర్పు తీరంలో ఉంటుందా? ఆవిడకి టిక్ కుట్టిందా?"

నీ మొదటి ఉత్తరంలోనే రాశావు, నేను నవ్వుతూ చదివి దాటేశాను. అక్కడి టిక్ కుడితే కొంతమందికి నాలుగు కాళ్ల జంతువుల మాంసం విషంతో సమానమవుతుందట. కోడి, చేప ఫరవాలేదు. మిగతావి తిన్న కొద్దీ ముదరచ్చు, ఊపిరి ఆగిపోవచ్చు అంటోంది. ఇది శిక్ష కాదే, జబ్బు!

నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. స్విచాఫ్. జడ్జిల దగ్గర ఫోన్లు తీసేసుకుంటారు కాబోలు. అతని చెవిన పడకూడదని నువ్వన్నా కౌశల్‌కి చేశాను, అంతా చెప్పేశాను. "నీరజా, నువ్వు ఫోన్ పెట్టెయ్, నేను బయల్దేరా" అన్నాడు. అంతే, ఇక అతనూ ఎత్తడం లేదు.

ఇక్కడ కిటికీ బయట ఎండ మండిపోతోంది. నాకు చలేస్తోంది. నువ్వు బతికుంటే చంపేస్తాను. బతికుండవే.

నీరజ

కాఫ్స్ హార్బర్,
ఏప్రిల్ 20

ప్రియమైన నీరజా,

బతికే ఉన్నాను. ఫోన్‌లో నువ్వు ఏడ్చావు, నేను ఏడ్చాను, ఒక్క ముక్కా చెప్పుకోలేకపోయాం. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కౌశల్ వచ్చేసరికి నేను ఆఖరి బ్రిస్కెట్‌కి మార్కులు వేస్తున్నాను. జడ్జిల టెంటులోకి బయటివాళ్లు రాకూడదు. వచ్చేశాడు. ఆయాసపడుతూ, చెమటలు కక్కుతూ, "ప్రియా, ఆపు, తినకు" అన్నాడు. ఎవరూ నోరు మెదపకూడని బల్ల అది, అందరూ తలెత్తి చూశారు. అతను పరుగెత్తి వచ్చాడనే నా గుండె జారింది. నా సంగతి నాకు గుర్తే లేదు.

హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు. అప్పటికి నాకేమీ లేదు. విషయం చెప్తే నర్సు మమ్మల్ని కదలొద్దని, తన కళ్ల ముందే కూర్చోమంది. కూర్చున్నాం. కట్లతో, దగ్గులతో వచ్చినవాళ్ల మధ్య నేను నవనవలాడుతూ కూర్చోవడం సిగ్గేసింది. అక్కడ తెలుగు తెలిసినవాళ్లు లేరు కాబట్టి పైకే మాట్లాడుకున్నాం.

"నీరజ చెప్పింది నిజమేనా? నాకు రావాల్సింది నీకు రావాలని తిన్నావా?" అన్నాడు.

"అవును."

"ఇప్పుడేం కోరుకుంటున్నావ్?"

అబద్ధం చెప్పలేకపోయాను. "రావాలనే" అన్నాను. "రాకపోతే నీకొస్తుందని నాకు భయం."

కోప్పడతాడనుకున్నాను. నా అరచేతులు తన ఒళ్లోకి లాక్కుని, తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు. "నేనేమో రాకూడదని మొక్కుకుంటున్నా" అన్నాడు. "ఒకే వెంకన్న. ఇటు నువ్వు, అటు నేను. పాపం ఆయనేం చేస్తాడే?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే అతని వేళ్ల కింద నా అరచేయి ఎర్రబడడం ఇద్దరం చూశాం. నర్సుని పిలవడానికి లేచాడు. నాకు గొంతు బిగుసుకుపోయింది. గాలి లోపలికి వెళ్లడం లేదు. నీరజా, చావుకైనా సిద్ధపడ్డదాన్ని కదా, ఆ క్షణంలో ఒక్క ఊపిరి కోసం కౌశల్ చొక్కా చిరిగేలా పట్టుకున్నాను. అతని గురించి తలుచుకోలేదు, స్వామిని తలుచుకోలేదు. ఊపిరి, అంతే. తొడలో ఇంజెక్షన్ గుచ్చారు. కాసేపటికి ఇంకోటి.

రక్తపరీక్షలో టిక్ వల్లే అని తేలింది. ఇక నాకు పోర్క్, లాంబ్, బ్రిస్కెట్ జన్మలో లేవు. బ్యాగులో అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను పెట్టుకుని తిరుగుతున్నాను. జడ్జిని కాలేను. డెబ్ వచ్చి బాధపడి, టేబుల్ కెప్టెన్‌గా ఉండమంది. డబ్బాలు తెచ్చి మూత తీసి చూపించడం, మార్కుల కాగితాలు తీసుకోవడం. తినక్కర్లేదు. ఉంటానన్నాను. ఎంతైనా ఆ బల్ల దగ్గర నాకో చోటుంటుంది.

డాక్టరు చెప్పినదంతా నమ్ముతున్నాను. నువ్వు చెప్పిందీ నమ్ముతున్నాను. కానీ నీ దగ్గర దాపరికమెందుకు, నా భయం తగ్గలేదు, పెరిగింది. ఇదివరకు దద్దుర్లు చూసుకుని, పోనీలే, ఈ వారానికి కౌశల్‌కేమీ కాదు అనుకునేదాన్ని. ఇప్పుడు నా చేతులు నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. సాయంత్రం నడకకి వెళ్లినవాడు కాస్త ఆలస్యమైతే వాకిట్లో నిలబడి చేతులు చూసుకుంటాను. అవి నాకేమీ చెప్పవు. ఇకమీదట అందరిలాగే, ఏ గుర్తూ లేకుండా భయపడాలి.

ఇవాళా ఇంకా రాలేదు. అతనికోసం చూస్తూనే ఇదంతా రాశాను.

గేటు చప్పుడైంది. వచ్చాడు. ఉంటాను.

నీ హరి