అరుగు అంచుకు పంపిన కబురు

ఫిబ్రవరి 2, శుక్రవారం

కొవ్వొత్తుల మాత పండగ. ఫాదర్ మంచును చీల్చుకుని వచ్చే ఓడ ఎక్కి వెళ్ళిపోయాక గుడిలో ప్రార్థన నడిపే పని వంటమనిషినైన నాకే వచ్చింది. ఈ దక్షిణ ధ్రువపు మంచులో గుడి అంటే ఎర్ర రంగు వేసిన కంటైనర్. నా గొంతు వెనక వరసకు వినబడదని రోలోన్ ఫిర్యాదు. రోలోన్ మా స్థావరం రేడియో మనిషి. దేవుడికి వినబడితే చాలన్నాను. ఆయనకు రేడియో కూడా అక్కర్లేదులెండి దోన్యా అన్నాడు. ఇక్కడ అందరికీ నేను దోన్యానే, అంటే అమ్మగారిని.

బయటికి వచ్చేసరికి అఖాతంలో నీళ్ళు కనిపించాయి. గడ్డకట్టిన సముద్రపు పొరను రాత్రి గాలి ముక్కలు చేసి తోసుకుపోయింది. ఎన్నో నెలల తరువాత అల చప్పుడు విన్నాను. మా ఊరు కొర్రియెంతెస్‌లో ఏటి ఒడ్డున పుట్టినదాన్ని, నాకు ప్రాణం లేచి వచ్చింది. నా భర్త అన్సెల్మో మాత్రం నీళ్ళను చూడలేదు. మంచు అరుగు వైపు చూశాడు.

ఫిబ్రవరి 4, ఆదివారం

మారిత్ అనే నార్వే అమ్మాయి ఈసారి ఓడలో వచ్చింది. అలలు అరుగును ఎంత వంచుతాయో కొలుస్తుందట. కొండ మీది మంచు జారి, సముద్రం మీదికి సాగి, తేలుతూ నిలిచిన పలకనే మేము అరుగు అంటాం. ఒక వైపు నేలకు అతుక్కుని ఉంటుంది. కింద అంతా సముద్రమే. గట్టిదే కదా, అల ఏం చేస్తుంది అని అడిగాను. తనకు వచ్చిన కొద్దిపాటి స్పానిష్‌తో, నా చేతిలోని పాల గిన్నె చూపించి చెప్పింది. మీగడ ఉన్నంతసేపు గిన్నె కదిపినా పాలు పెద్దగా తొణకవు. సముద్రం మీది మంచుపొర అలాంటి మీగడ. అది పోతే ఎక్కడో పుట్టిన తుఫాను అల కూడా నేరుగా వచ్చి అరుగును పైకీ కిందికీ ఆడిస్తుంది. తీగను వంచి వంచి విరిచినట్టు.

ఆ తరువాత గిన్నె మీద మూత పెట్టి వచ్చాను. ఎందుకో.

ఫిబ్రవరి 6, మంగళవారం

మారిత్ వంటింట్లో ఏడ్చింది. ఎవరికీ తనంటే ఇష్టం లేదట. మాతే, అంటే మా ఆకు కషాయం, తాగేటప్పుడు ఒక్కసారి ఇచ్చి, తరువాత తనను దాటేసి పక్కవాళ్ళకు ఇస్తున్నారట.

నాకు నవ్వాగలేదు. మాతే పోసేది నేనే. అందరం వంతులవారీగా తాగే సొరబుర్ర అందుకున్న ప్రతిసారీ ఆమె 'గ్రాసియాస్' అంటుంది. కృతజ్ఞతే. కానీ మాతే దగ్గర ఆ మాట అంటే ఇక చాలు, నాకు వద్దు అని. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.

"మా దగ్గర ఏదైనా పెడితే గ్రాసియాస్ అన్నావంటే వద్దన్నట్టే, అమ్మాయీ. కావాలంటే నోరు మూసుకుని తీసుకో."

బుద్ధిగా తలూపింది. సాయంత్రం నోరు మూసుకుని కూర్చుని కడుపు ఉబ్బేదాకా తాగింది. అన్సెల్మో ఆమెను మెచ్చుకున్నాడు, కొర్రియెంతెస్ పిల్లవయ్యావని.

ఫిబ్రవరి 8, గురువారం

అన్సెల్మో, మారిత్ గొలుసు చక్రాల బండిలో అరుగు అంచుకు వెళ్ళారు, కొలతలు అయ్యేదాకా అక్కడే గుడారంలో ఉంటారు. ఆయన మెకానిక్, బండి కూడా ఆయనే నడుపుతాడు. మెడకు మఫ్లర్ చుట్టుకోమంటే ముసల్దానా, నన్నేమైనా పెళ్ళికి పంపుతున్నావా అన్నాడు. చుట్టుకున్నాడులే.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఉల్లిపాయలు అయిపోయాయి, పిండి ఉంది, ప్రభువుకు వందనాలు.

ఫిబ్రవరి 12, సోమవారం

భోజనాల దగ్గర మా స్థావరం పెద్ద కెప్టెన్ ఎచార్ట్ ముఖం బాగాలేదు. ఉత్తరాన చాలా దూరంలో పెద్ద తుఫాను. ఇక్కడ గాలి కూడా తగలదు, కానీ దాని అలలు బుధవారానికి మన దగ్గరికి వస్తాయన్నాడు. ముందు మీగడ లేదు. అరుగు మీద ఎవరూ ఉండకూడదు. వాళ్ళు బ్యాటరీ ఆదా కోసం రేడియో పొద్దున ఒక్కసారే తెరుస్తారు. రేపు పొద్దున పిలిచి వెనక్కి రమ్మని చెప్పమని రోలోన్‌కు అప్పగించాడు.

ఫిబ్రవరి 13, మంగళవారం, పొద్దున

కార్నివాల్ ఆఖరి రోజు. రేపటి నుంచి ఉపవాసాలు. అందుకని మొక్కజొన్న, గుమ్మడికాయ, మిగిలిన మాంసం అంతా వేసి పెద్ద బానలో లోక్రో ఎక్కించాను. రోలోన్ రేడియో దగ్గరికి వెళ్తుంటే లోక్రో ఉందని కూడా చెప్పమన్నాను. ఆ మాట వింటే అన్సెల్మో అరుగును భుజాన వేసుకుని వస్తాడు.

రోలోన్ తిరిగి వచ్చి అంతా చెప్పానన్నాడు. గరగర బాగా ఉందట. మారిత్ మాట్లాడిందట. గ్రాసియాస్ అందట. సాయంత్రానికి వచ్చేస్తారు.

ఫిబ్రవరి 13, సాయంత్రం 4

రాలేదు. లోక్రో అడుగంటుతోంది.

బయలుదేరుతున్నామని అన్నారా అని రోలోన్‌ను అడిగాను. గ్రాసియాస్ అంది కదా దోన్యా, ఇంకేమనాలి అన్నాడు. గరిట చేతిలోనే ఉంది.

అల సంగతి గరగరలో పోయి ఉంటే? లోక్రో ఒక్కటే వినబడి ఉంటే? నేను పెట్టిన అన్నానికి ఆ పిల్ల నేను నేర్పిన మాటే చెప్పింది. గ్రాసియాస్. వద్దు.

"ఆ పిల్ల రానంది, రోలోన్. అది నేను నేర్పిన గ్రాసియాస్."

నవ్వబోయాడు. ఆ తరువాత లేచి పరుగెత్తాడు.

ఫిబ్రవరి 13, సాయంత్రం 6

రేడియోలో ఎంత పిలిచినా పలకడం లేదు. రేపు పొద్దుటిదాకా తెరవరు. కెప్టెన్, డాక్టరు రెండో బండిలో బయలుదేరారు. నిచ్చెన, తాళ్ళు కట్టుకున్నారు. తప్పు నాదని కెప్టెన్‌తో చెప్పబోయాను. రొట్టె కట్టివ్వండి దోన్యా, మిగతావి తరువాత అన్నాడు.

రోలోన్ కుర్చీ వదలడం లేదు. పిలుస్తూనే ఉన్నాడు. జోకులు లేని రోలోన్‌ను చూడలేకపోతున్నాను.

ఫిబ్రవరి 14, విభూది బుధవారం

పొద్దున అలలు వచ్చాయి. నురగ లేదు, కోపం లేదు. అఖాతం మొత్తం మెల్లగా లేచి, మెల్లగా దిగుతోంది, నిద్రపోయేవాడి ఛాతీలాగా. ఇంత నెమ్మదైన దానికి భయపడటం నాకు ఇదివరకు తెలియదు. కాసేపటికి దూరంగా ఫిరంగి పేలినట్టు ఒక చప్పుడు. అరుగు వైపు నుంచే.

రెండు బండ్ల నుంచీ పిలుపు లేదు. నిరుటి మట్టల ఆదివారం మట్టలు కాల్చిన బూడిద రోలోన్ నుదుట పెట్టాను. మట్టివి, మట్టిలో కలిసిపోతావు అనాలి. నోట రాలేదు. శిలువ గీసి ఊరుకున్నాను. ప్రభువు క్షమిస్తాడు. మా ఊరివాళ్ళు కొలిచే ఇతాతీ మాత పటం ముందు ఏమీ అడగలేకపోయాను, పేరు మాత్రం చెప్పాను. అన్సెల్మో. మారిత్. అంతే, మళ్ళీ మళ్ళీ.

అదే రోజు, మధ్యాహ్నం

కెప్టెన్ గొంతు. "నలుగురం. విన్నావా రోలోన్? నలుగురం వస్తున్నాం."

పిండి మూట మీద కూర్చుండిపోయాను.

ఫిబ్రవరి 15, గురువారం

గిన్నెలు కడిగి, ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

మంగళవారం రేడియోలో మారిత్‌కు లోక్రో, రండి అన్న రెండు మాటలే వినబడ్డాయట. పని వదిలి భోజనానికి ఎలా వెళ్తాం అని మర్యాదగా వద్దంది. అన్సెల్మో అప్పుడు బయట బండి మీది మంచు తవ్వుతున్నాడు. తరువాత సంగతి తెలిసి, నా పెళ్ళాం నెలిదా లోక్రోను కాదంటావా అని అలిగి పడుకున్నాడట. బుధవారం తెల్లవారుజామున మారిత్ తన తెరలో గీత పైకీ కిందికీ ఊగడం చూసి ఆయనను లేపింది. మంచు వంగుతోందని చెప్పింది. బయటికొస్తే గుడారానికీ స్థావరానికీ మధ్య పాత బీట నోరు తెరుస్తోంది. బండి బరువు ఆగదని అన్నీ వదిలేసి నడిచారు. రేడియో కూడా గుడారంలోనే ఉండిపోయింది. బీట అంచుకు వచ్చేసరికి దూకగలిగే వెడల్పు దాటిపోయింది.

అవతలి ఒడ్డున కెప్టెన్ నిచ్చెన దించుతున్నాడు.

వాళ్ళు దాటి వెనక్కి వచ్చే దారిలోనే ఆ పేలుడు విన్నారట. ముందురోజు సాయంత్రం రెండో బండి కదలకపోతే ఆ నిచ్చెన అక్కడ ఉండేది కాదు. తప్పు నా నోటిదే, గుర్తు రావడం మాత్రం నాది కాదు. ఆ గుర్తు ఇచ్చిన ప్రభువుకు తెలుసు.

మారిత్ నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. యంత్రాలు పోయాయి, కొలతలు మాత్రం ఉపగ్రహానికి అందాయట. అరుగు ఎలా విరిగిందో చివరి నిమిషం దాకా నమోదై ఉందని ఏడుపులోనే మురిసిపోయింది. అన్సెల్మో రాగానే అడిగిన మొదటి మాట, "ముసల్దానా, నా లోక్రో దాచావా?" విభూది రోజున మాంసం ముట్టనిస్తానా. వట్టి రొట్టె పెట్టాను. ఈరోజు రెండు పళ్ళాలు తిన్నాడు. ఉపవాస కాలంలో ఇంతలా తినే మనిషిని చూసి ఇంత సంతోషపడటం పాపమేమో తెలియదు. ఫాదర్ వచ్చాక అడగాలి.

ఫిబ్రవరి 16, శుక్రవారం

రోలోన్ రేడియో మీద కాగితం అతికించాడు: తిండి మాటలు నిషేధం. కెప్టెన్ సంతకం కూడా ఉంది.

ఫిబ్రవరి 23, శుక్రవారం

విరిగిన అరుగు ముక్క ఈ పొద్దున వంటింటి కిటికీ ముందు నుంచి తేలుతూ వెళ్ళింది. ఊరంత ఉంది. దాని మీద బండి, నారింజ రంగు గుడారం చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. తాడు మీద అన్సెల్మో చొక్కా ఆరుతోంది. అది కనుమరుగయ్యేదాకా అందరం టోపీలు తీసి నిలబడ్డాం. అన్సెల్మో నా పక్కనే ఉన్నాడు, చలికి ముక్కు ఎగబీలుస్తూ.