సీలు వేసిన గదిలో సువర్ణరేఖలు

గుణుపురం (ఒడిశా),
బుధవారం ఉదయం.

పండ్ల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా మామిడి గదికి తమరు వేసిన సీలు రేపటిలోగా తీయించుట గురించి.

ఈ అర్జీ ఒడియాలో రాయవలసినది. అయితే సోమవారం తమరు మా మామ్మ గురమ్మతో అరగంటసేపు తెలుగులోనే దెబ్బలాడినందున తెలుగులో సమర్పించుకుంటున్నాను.

1. గదిలో దొరికిన తెల్లపొడి కార్బైడ్ అని తమరు పంచనామాలో రాయించారు. అది ముగ్గు. తలుపు వెనక మేకుకి ముగ్గు సంచి తగిలించడం మా ఇంటి అలవాటు. మామ్మ అప్పుడే మొత్తుకుంది: "అది ముగ్గు బాబూ! కావాలంటే నీ బూట్ల ముందరే ఓ పద్మం ఏసి సూపిత్తాను." ఒక చెంచాడు పొడి మీద నీళ్ళు పోయించండి. కార్బైడ్ అయితే బుసబుసా పొంగి వెల్లుల్లి కంపు కొడుతుంది. ముగ్గయితే తడుస్తుంది, అంతే.

2. వరిగడ్డిలో కాయల మధ్య మూడు అరటిపళ్ళు దాచి ఉండుట అనుమానాస్పదమని కూడా రాశారు. మేము వేసిన మందల్లా అదే. పండిన పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. మొక్కలు తమకు తామే తయారుచేసుకునే హార్మోను అది. పక్కకాయకి సోకితే ఆ కాయా వదలడం మొదలెడుతుంది, బస్సులో ఒకరు ఆవలిస్తే అందరూ ఆవలించినట్టు. లోపలి పిండి చక్కెరవుతుంది. కణాల గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ కరిగి కాయ మెత్తబడుతుంది. ఇది నేను బి.ఎస్సీ.లో మూడేళ్ళు చదివాను. మామ్మ గడ్డిలో చెయ్యి పెట్టి చెప్పేస్తుంది.

3. గత ఏడాది వరకు మా నాన్న జోగయ్య కార్బైడే వాడేవారు. (ఈ వాక్యం రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.) పైన పసుపు, లోపల పులుపు. నేను అన్నం మానేసి పోట్లాడితే ఈ ఏడు ఒక్క గది నా చేతికిచ్చారు. రామనగుడ తోటల్లో ముదురు సువర్ణరేఖ కాయలు నేనే ఎంచి తెచ్చాను. ఈ గది కుళ్ళితే ఆయన మళ్ళీ పాత పొట్లం దగ్గరకే పోతారు. నిన్ననే మొదలెట్టారు: "సదువుకున్నదాని మాటిన్నందుకు ఆఖరికి ముగ్గు కూడా పోయింది కదే అమ్మీ!"

4. రోజుకు రెండుసార్లు తలుపు తీసి గది గాలాడించాలి. తమరు తలుపు సందులకి కూడా కాగితం అంటించి సీలు వేశారు. వేడీ లోపలే, ఇథిలీనూ లోపలే. అంటే అయ్యా, సోమవారం నుంచి మా కాయల్ని మాగబెడుతున్నది తమ కార్యాలయమే. కాయకి పండటం తెలుసు గానీ ఆగడం తెలీదు. రేపు దాటితే ఆవులు కూడా మూతి తిప్పుకుంటాయి.

కావున పొడి తడిపించి, గడ్డి తీయించి, కాయ కోయించి చూడగలరు. తప్పు తేలితే నాన్న పేరు కాక నా పేరే రాసుకోగలరు.

చిత్తగించి, తాళంచెవితో స్వయముగా విచ్చేయవలెను.

తమ విధేయురాలు,
ఝాన్సీలక్ష్మి

తా.క.: తమరు కాపలా పెట్టిన మున్నా గారు మొదటిరోజు గుమ్మానికి దూరంగా కూర్చున్నారు. ఈ ఉదయం కుర్చీ తలుపుకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వాసన పీలుస్తూ, "అమ్మీ, సార్‌ని తొందరగా రమ్మను, ఇంక నావల్ల కాదు" అన్నారు. అంచేత కాయలు పండినట్టే. మొదటి పండు తమరే తినాలి. లంచం కాదు, పరీక్ష. తియ్యగా ఉంటే మాత్రం మొహం బిగించుకోకండి సార్. నాన్న మీ మొహమే చూస్తుంటారు.