ఏసీ గదికి రాసిన వంట

ప్రియమైన మొండి మరదలికి,

ఇక్కడ క్షేమం. నువ్వూ క్షేమమని రాశావు గానీ నేను నమ్మను. పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం బ్రెడ్డు, రాత్రి ఓపికుంటే అన్నంలో పచ్చడి అని నీ చేత్తో నువ్వే రాశావు మరి. ఏమే, ఆసుపత్రి వంటగదిలో పద్దెనిమిదేళ్ళుగా గరిటె తిప్పుతున్నవాడి పెళ్ళానివి, నువ్వు బ్రెడ్డు తిని బతుకుతున్నావని నలుగురికీ తెలిస్తే నా పరువేం గాను? పెళ్ళయినప్పటి నుంచీ నిన్ను పొయ్యి దగ్గరికి రానివ్వకపోవడం నా తప్పే. వంట నాది, నోరు నీది అని పంచుకున్నాం.

నీకు బీపీ ఉందని, కంపెనీ డాక్టరు ఒంట్లో నీరు తీసే మాత్ర రాశాడని, ఉప్పు తగ్గించమన్నాడని చదివి గుండె జారిపోయింది. వచ్చే పరీక్షలో బీపీ తగ్గకపోతే ఆ దేశం నుంచి వెనక్కి పంపేస్తారని కూడా రాశావు. పంపితే పంపనీ అనాలని నోటిదాకా వచ్చింది. కానీ చిట్టి నర్సింగు చదువు సగంలో ఉంది. హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ ఎలా ఉందని అడుగుతుంది. అందుకే నోరు మూసుకుని వంట రాస్తున్నాను.

నయం, లాండ్రీలో నీకు ఏసీ గది దొరికింది. దుప్పట్లు మడతపెట్టే పని, కూర్చుని చేసుకోవచ్చు, చెమట పట్టదు. మా బీపీ వార్డు పేషెంట్లకి వండేదే నీకూ సరిపోతుంది. గుప్పెడు కందిపప్పు కడిగి, సొరకాయ ముక్కలు వేసి, కాస్త పసుపు వేసి మెత్తగా ఉడికించు. దింపాక నిమ్మకాయ పిండు. నూనె ఒక చెంచా, అందులో జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి. పులుపూ ఘాటూ ఉంటే నాలుక మోసపోతుంది, ఉప్పు సగం వేసినా కనిపెట్టలేదు. ముద్ద ముద్దకీ పచ్చడి నంజుకోకు. జాడీలో నేను పెట్టిచ్చిందే అయినా సరే.

నాలుగు వందల మందికి రెండు పూటలా వండి పంపిస్తాను. ఒక్క నీకు పంపలేను. నా వంటకి ఇంతకంటే అవమానం లేదు.

నీ బావ,
గరిటెగాడు

*

ప్రియమైన బావా,

నీ వంట ఫోన్లో చెప్పకుండా రాసి పంపావు చూడు, మంచి పని చేశావు. ఫోన్లో చెబితే గాలికి పోతుంది. ఇదైతే పొయ్యి పక్కన గోడకి అంటించుకున్నా. ఆరు మంచాల గదిలో మొగుడితో ఫోన్లో మాట్లాడటమంటే మైకులో మాట్లాడినట్టే. ఉత్తరంలో అయితే తిట్టుకోవచ్చు, ఏడవచ్చు.

ఇక నా వంట సంగతి విను. ఆరుగురికీ కలిపి ఒకటే కరెంటు పొయ్యి. నా వంతు వచ్చేసరికి ఆకలి చచ్చిపోతుంది. పప్పు ఉడికింది, బాగానే ఉంది. పోపు వేశానా, పొగకి పైకప్పులో ఉన్న అలారం గుయ్యిమని మొదలెట్టింది! నైటీల మీదే అందరం వీధిలోకి పరుగెత్తాం. పక్క మంచం పిన్ని ఒక్కతే పప్పుగిన్నె చేత్తో పట్టుకుని దిగింది. "కాలితే గది కాలనీ, పప్పు బాగా కుదిరిందే" అంది. ఆవిడ నాకంటే ముందొచ్చి, ఇక్కడి కష్టసుఖాలన్నీ కాచి వడపోసిన మనిషి. నాకు అమ్మలాగే ఉంటుంది.

తింటుంటే మాత్రం నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. నావాడు వడ్డించడానికి సముద్రం అవతల ఉన్నాడు.

పని బాగానే ఉంది. ఈ మధ్య పిక్కలు పట్టేస్తున్నాయి. పడుకోగానే రాయిలా బిగుసుకుంటాయి. పిన్ని లేచి రుద్దుతుంది. కంగారు పడకు, వయసు మీద పడుతోందిగా. ఎవరైనా ఇటు వస్తుంటే పల్చటి కాటన్ జాకెట్లు ఓ నాలుగు పంపు. మరేమీ వద్దు.

నీ
మొండి

*

ప్రియమైన మొండీ,

పిక్కలు పట్టేస్తున్నాయని తాపీగా రాస్తావా? వయసట, వయసు! నలభై రెండేళ్ళకే ముసలమ్మ వేషాలా? అది వయసు కాదు, ఏసీ. పొద్దస్తమానం చల్లగాలిలో కూర్చుంటే నరాలు పట్టేయవూ? అందుకే కాటన్ జాకెట్లతో పాటు ఊలు స్వెట్టర్ కూడా పంపుతున్నా. వద్దనకు. రంగు ఎంచడం నాకు చేతకాక వంకాయ రంగుది తెచ్చాను. నిన్ను చూడగానే వంకాయ కూర గుర్తొస్తుందని పిన్ని వెక్కిరించినా వేసుకో.

ఉత్తరంలో అక్కడక్కడా సిరా చెదిరిపోయింది. గిన్నెలు కడుగుతూ రాశావా? ఆదివారం వీడియోలో కూడా నీ మొహం బదులు గోడ చూపిస్తావు. ఎన్నిసార్లు అడిగినా కెమెరా పాడైందంటావు. గోడకి సున్నం బాగానే వేశారు, నాకు మాత్రం నా పెళ్ళాం మొహం కావాలి.

ఒక పని చెయ్యి. సగం ఉప్పు కూడా వద్దు, పూర్తిగా మానెయ్. మా వార్డులో ఒంట్లో నీరు చేరినవాళ్ళకి అలాగే వండుతాను, వారంలో తేలికపడి నడిచి వెళ్ళిపోతారు. పెసరపప్పు కట్టు, కాసింత మిరియాల పొడి, నిమ్మరసం, మెత్తటి అన్నం. మజ్జిగలోనూ ఉప్పు వేసుకోకు. పచ్చడి జాడీ పిన్నికి ఇచ్చెయ్. కళ్ళముందుంటే నువ్వు ఆగవు, నీ సంగతి నాకు తెలీదూ?

"అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అందట ఉప్పు. దాని పొగరు మనిద్దరం కలిసి అణిచేద్దాం. అవును, ఇద్దరం. నువ్వు చప్పిడి తింటుంటే నాకు ఉప్పన్నం ఎలా దిగుతుంది? నేనూ మానేశాను. వంటగదిలో వాళ్ళంతా "ఉప్పూ కారం తినడం మానేశావేంటయ్యా, ఇక నిన్నేం తిట్టినా పౌరుషం రాదేమో" అని ఆటపట్టిస్తున్నారు. నవ్వనీ. ఇంత దూరం నుంచి నీకోసం చెయ్యగలిగింది నాకు ఇదొక్కటే కనబడుతోంది.

నీ బావ

*

ప్రియమైన బావా,

శుభవార్త. కంపెనీ డాక్టరు బీపీ చూశాడు, బాగా తగ్గింది! ఏం తింటున్నావని అడిగితే మా ఆయన వంట అని చెప్పాను. ఆయనకి అర్థం కాకపోయినా నవ్వాడు. వెనక్కి పంపడం లేదు. చిట్టికి చెప్పు, నిశ్చింతగా చదువుకోమను.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నా. చిటికెడు కూడా వేసుకోవడం లేదు. పచ్చడి జాడీ పిన్నికి ఇచ్చేశా. ఇచ్చేటప్పుడు కూతుర్ని అత్తారింటికి పంపినట్టు ఏడ్చానని పిన్ని అందరికీ చెప్పింది. ఆవిడ మాటలకేం గానీ, కొంచెం ఏడ్చిన మాట నిజం.

స్వెట్టర్ చాలా బాగుంది. వెచ్చగా ఉంది.

పిక్కలు అలాగే ఉన్నాయి. లేచి నిలబడితే ఒకోసారి కళ్ళు తిరుగుతున్నాయి. తల లోపల దూది కూరినట్టు ఉంటోంది. నీ దగ్గరుంటే మజ్జిగ కలిపి నోటికి పెట్టేవాడివి. పోనీలే, బీపీ తగ్గుతోందంటే ఒళ్ళు అలవాటు పడాలి కదా. నువ్వు మాత్రం చప్పిడి మానెయ్. పొయ్యిల దగ్గర పనిచేసేవాడివి, నీకెందుకు ఈ శిక్ష?

నీ
మొండి

*

ప్రియమైన మరదలికి,

నాలుగు రోజులుగా ఫోన్ చేస్తుంటే నీది కట్టేసి ఉంది. నీ కంపెనీ నంబరు చిట్టి వెతికి పెట్టింది. అక్కడ ఎవరో ఎత్తి, నాకు తెలియని భాషలో ఏదో చెప్పి పెట్టేశారు. ఇక్కడి నుంచి అటు వస్తున్న ఒకాయన కాళ్ళావేళ్ళా పడి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నా. అందగానే ముందు ఉప్పు వేసుకుని అన్నం తిను. మిగతాది తర్వాత చదువు.

మొన్న పప్పు గుండిగ దింపుతుంటే పిక్క బిగుసుకుపోయింది. కళ్ళు తిరిగాయి. గుండిగ ఒరిగిపోయింది, దేవుడి దయవల్ల ఎవరి మీదా పడలేదు. నన్ను తీసుకెళ్ళి మన ఆసుపత్రిలోనే మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ ఏం తింటున్నావని అడిగింది. గొప్పగా చెప్పాను, చిటికెడు ఉప్పు కూడా ముట్టడం లేదమ్మా అని. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "పొద్దున్నుంచీ మంటల ముందు నిలబడి ఇంతింత చెమట కారుస్తావు, ఒంట్లో ఉప్పంతా దాంతోనే పోతుంది, తిండిలో కూడా లేకపోతే పిక్కలు పట్టెయ్యక ఏమవుతాయి?" అంది.

అది విన్నాక నాకు నా పిక్క గుర్తులేదు, నీది గుర్తొచ్చింది. నాకు వచ్చినట్టే వచ్చింది కదే నీకూ! నాది మంటల వల్ల అయితే నీది దేనివల్ల? ఏసీలో కూర్చున్న మనిషి పల్చటి కాటన్ జాకెట్లు ఎందుకు అడుగుతుంది? నీ సిరా చెదిరింది గిన్నెల నీళ్ళకి కాదు, చెమటకి. మొహం చూపించకుండా గోడ ఎందుకు చూపించావో ఇప్పుడు తెలిసింది. నీ మాత్ర సంగతి కూడా చెబితే డాక్టరమ్మ మొహం మారిపోయింది. వేడిలో నిలబడుతూ ఆ మాత్ర వేసుకుని ఉప్పు పూర్తిగా మానేస్తే ప్రమాదమంది, వెంటనే అక్కడి డాక్టరుకి చెప్పమంది. ఎలా చెప్పను? ఎవరికి చెప్పను?

పద్దెనిమిదేళ్ళుగా పడుకున్నవాళ్ళకి వండాను. నిలబడేవాళ్ళ తిండి వేరని నాకు తట్టలేదు. నా చేతులతో నిన్నేం చేశానో తలుచుకుంటే గరిటె పట్టబుద్ధి కావడం లేదు.

నిన్ను ఎక్కడ నిలబెట్టారు? నిజం చెప్పు. కోప్పడను. ఒట్టు.

నీ బావ

*

ప్రియమైన బావా,

రాసేది పిన్ని, చెప్పేది నేను. చేతికి కట్టు ఉంది. భయపడకు, బతికే ఉన్నాను.

నీ ఉత్తరం తెచ్చినాయన నన్ను వెతుక్కుంటూ ఆసుపత్రికి వచ్చాడు. అప్పటికే పడిపోయాను బావా. నువ్వు గుండిగ ఒలకబోసుకున్న ఆ రోజుల్లోనే నేనూ దుప్పట్లు ఇస్త్రీ చేసే ప్రెస్సు మిషను పక్కన పడ్డాను. పడుతూ పడుతూ దాని కాలుతున్న పలకని పట్టుకున్నాను. కుడి అరచెయ్యి కాలింది. ఫోను లాకర్లో ఉండిపోయింది. పిన్నికి నీ నంబరు తెలీదు.

తెలివొచ్చేసరికి సెలైన్ ఎక్కుతోంది. సెలైనంటే ఏంటని అడిగితే, ఉప్పునీళ్ళేనని పిన్ని చెప్పింది. నువ్వు గరిటెతో పెట్టాల్సింది వీళ్ళు సూదితో పెట్టారు.

నిజం చెప్పమన్నావు. మొదటి వారం ఏసీ గదిలోనే ఉన్నాను, అబద్ధం కాదు. తర్వాత ప్రెస్సు దగ్గరికి మార్చారు. తడి దుప్పటి పరిస్తే బుస్సుమని ఆవిరి మొహానికి కొడుతుంది. పొద్దున్నుంచీ అక్కడే నిలబడాలి. మొహం ఉడికిన చిలగడదుంపలా తయారైంది, అందుకే గోడ చూపించాను. చెబితే నువ్వేం చెయ్యగలవు? అక్కడ కూర్చుని ఏడుస్తావు. నువ్వు ఏడుస్తుంటే నేనిక్కడ పని చెయ్యలేను.

పిన్ని నెత్తీ నోరూ కొట్టుకుంది, ఇంత వేడిలో చప్పిడి ఏంటే, చస్తావే అని. నేను వినలేదు. "మా ఆయన ఆసుపత్రి వంటవాడు, ఆయనకి తెలీదా?" అని దెబ్బలాడాను. లోపల నాకూ అనుమానం వచ్చింది బావా. కానీ అడగాలంటే ఏసీ అబద్ధం విప్పాలి. విప్పలేక నువ్వు పెట్టింది పెట్టినట్టు తిన్నాను. అలా తింటుంటే నువ్వు ఎదురుగా కూర్చున్నట్టు ఉండేది.

(ఇక్కడ ఏడ్చింది. రాయొద్దంది. నేను రాశాను. పిన్ని.)

ఇక్కడి డాక్టరు ఆ మాత్ర మార్చాడు. ఉప్పు పూర్తిగా మానొద్దన్నాడు, ఎంత వేసుకోవాలో చెంచా తెచ్చి చూపించాడు. నీ స్వెట్టర్ మడిచి కాలిన చెయ్యి కింద పెట్టుకుంటున్నా. కొన్నందుకు పనికొచ్చింది, బాధపడకు.

మడత గదికి మార్చమని సూపర్వైజరుని అడిగాను. ఖాళీ లేదన్నాడు. చెయ్యి మానగానే మళ్ళీ ప్రెస్సుకే. చిట్టి చదువు అయ్యేదాకా ఇంతే. నువ్వొచ్చి నా బదులు నిలబడలేవు, నేనొచ్చి నీ ముందు కూర్చోలేను. ఏం చెయ్యలేం బావా మనం, ఎంత ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగుతున్నాను.

నిన్న గదికి వచ్చేశాను. పిన్ని పచ్చడి జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్క చెంచా కూడా ముట్టలేదట, నేను ఎప్పటికైనా అడుగుతానని దాచిందట. వేడన్నంలో కొంచెం కలిపి తనే నోటికి పెట్టింది. నీ చెయ్యి తగిలినట్టే ఉంది.

నువ్వు గరిటె వదిలేస్తానంటే ఊరుకోను. నీ ఉత్తరాలు ఇంకా పొయ్యి పక్కన గోడకే ఉన్నాయి. పిన్ని పీకేయబోతే వద్దన్నాను. పక్కన చోటుంది. పోపు పెట్టినా అలారం మోగని పప్పు ఒకటి రాసి పంపు. ఈసారి మాత్రం ఏసీ గదికి రాయకు బావా. నేను నిలబడే చోటికి రాయి.

నీ
మొండి