5183 పోగుల చీర

పెనుకొండ

చిరంజీవి కొండప్పకు నీ లెక్కల అయ్యవారు రంగప్ప ఆశీస్సులు.

పదో తరగతిలో నిన్ను మూడుసార్లు తప్పించిన చేత్తోనే నీ సాయం అడుగుతున్నాను. బ్యాంకు ఫారంలో మా ఆవిడ నీలావతమ్మ వయసు డెబ్బై అయిదని రాశాను. నాకే డెబ్బై మూడు! గుమాస్తా దాన్ని పైకి చదివాడు. ఆమె ఆధార్ కార్డు సంచిలో వేసుకుని హిందూపురం చెల్లెలింటికి వెళ్లిపోయింది. "నా వయసెంతో తెలిసినాకనే పిలువు" అంది. ఊరి పిల్లలందరికీ లెక్కలు చెప్పాను, పెళ్లాం లెక్క మాత్రం రాలేదు.

అందుకే ఒక పట్టుచీర నెయ్యాలి. నిలువు పోగులు సరిగ్గా 5183 ఉండాలి. అది ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ భాగం పోదు. మా జంటా అలాంటిదేనని ఆమెకు తెలియాలి.

ఇట్లు,
రంగప్ప

తా.క.: ఫోన్లో చెబితే అంకెలు తారుమారు చేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నీ పరీక్ష పేపర్లు నాకింకా గుర్తున్నాయి.

*

ధర్మవరం

అయ్యవారి పాదాలకు కొండప్ప దండాలు.

మేము ఎప్పుడూ సరిసంఖ్యే వేస్తాం సార్. పోగులు జతలు జతలుగా ఎక్కిస్తాం కదా, మీదాంట్లో ఒకటి ఒంటిగా మిగిలి ఉండాది. ఈ నంబరు ఏ స్వామి చెప్పినాడు? పక్క మగ్గం గంగన్న కొడుక్కి పెండ్లి కుదరాలని తానూ 5183 వేస్తానంటాండాడు.

మీ శిష్యుడు,
కొండప్ప

తా.క.: మగ్గానికి టెంకాయ కొట్టినాం.

*

పెనుకొండ

కొండప్పా, ఆశీస్సులు.

స్వామీ లేడు, గీమీ లేడు. ఇది గణితం! 2 మొదలుకొని 67 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాను. ఒంటి పోగును నేననుకుని అంచులో ఎక్కడో పడెయ్. చీర నేరుగా హిందూపురం తీసుకెళ్లి, ఈ సంఖ్యను ఎవరూ విడదీయలేరని ఆమెకు చెప్పు.

రంగప్ప

తా.క.: త్వరగా కానివ్వు. వారం నుంచి నా ఉప్మా నేనే తింటున్నాను.

*

ధర్మవరం

అయ్యవారికి దండాలు. కోపం చేసుకోవద్దండి. మీ నంబరు విడిపోయింది.

పోగులు మగ్గానికి అతికే ముందు సమానంగా కుచ్చులు, అంటే చిన్న కట్టలు, కట్టుకుంటాం. పోగులు మిగిలితే మా ఇంటామె అక్కమ్మకు మనసొప్పదు. నలభై లెక్కన కట్టింది, మిగిలినాయి. యాభై లెక్కన కట్టింది, మిగిలినాయి. చివరికి అయ్యవారి వయసే కట్టి చూద్దామని డెబ్బై మూడు కట్టింది. సరిగ్గా డెబ్బై ఒక్క కుచ్చులు! ఒక్క పోగు మిగల్లేదు.

నిన్న చీర ఇచ్చి, నోరు ఊరుకోక ఇదంతా అమ్మగారికి చెప్పేసినా. చీర మడత విప్పి అంచు తడిమి చూసింది. తర్వాత "డెబ్బై మూడు ఆయన. డెబ్బై ఒకటి నేను" అనింది. మీరు ఇద్దరి వయసులూ చీరలో దాచినారని అనుకుంటాండాది! బేస్తవారం వస్తాది.

కొండప్ప

తా.క.: మీకు తెలీక వేసిన నంబరని నేను చెప్పలా. మీరూ చెప్పొద్దు.

*

పెనుకొండ

చిరంజీవి కొండప్పకు, ఈసారి నీ చేతిలో తప్పిన రంగప్ప ఆశీస్సులు.

67 తర్వాత 71తో కూడా భాగించి చూడాల్సింది. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద పాలు పొంగాయి. ఆమె ఉంటే పొంగేవి కావు. స్టవ్వు తుడిచి వచ్చి, ఇక చాలులే అనుకున్నాను.

ఆమె చీర కట్టుకుని గడప దాటగానే, దాచలేక నిజం చెప్పేశాను. "నాకు తెల్దా? నా వయసే తెలియనోడు దాన్ని చీరలో యాడ దాస్తాడు?" అంది. మరి ఎందుకొచ్చావని అడిగాను. "లెక్క తప్పినా నా కాడికే వచ్చి చేరినావు కదా, అందుకే వచ్చినా" అంది. నాకు ఏడుపొచ్చింది. ఫారం మళ్లీ రాశాను. డెబ్బై ఒకటి.

ఇట్లు,
రంగప్ప

తా.క.: గంగన్న కొడుక్కి ఓబులదేవరచెరువు సంబంధం కుదిరిందని విన్నాను. దీనికి మాత్రం నా దగ్గర నిరూపణ లేదు.