గోవిందస్వామి సంతకం

పలమనేరు,
24-7-1978, సోమవారం.

పెరుందేవక్కకు, కుముదం నమస్కరించి రాసే సంగతులు.

నువ్వూ, బావగారూ, పిల్లలూ శ్రీకాళహస్తిలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను కులాసాగా లేను. ఈ ఉత్తరం చదివాక చించి పొయ్యిలో వెయ్యి. బావగారికి చూపించాలా వద్దా అన్నది మాత్రం చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. ఆయనతో ఒక పని పడింది.

ఇక్కడ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పడంతో ఊరుకోకుండా, ఇంటర్ ముగించిన పిల్లల దరఖాస్తులన్నీ నా నెత్తిన వేసుకున్నానని పోయిన ఉత్తరంలో రాశాను కదా. ఏ కాలేజీకి ఏ ఫారం పంపాలి, నకళ్ళ మీద ఎవరి చేత సంతకం చేయించాలి, టీసీ ఎప్పుడు తీసుకోవాలి, ఇవన్నీ చెప్పడానికి ఈ పిల్లల ఇళ్ళల్లో ఎవరూ లేరు. జూన్ నెలంతా నా గది పోస్టాఫీసులాగే ఉండింది. నాకది ఇష్టంగా కూడా ఉండింది. మేడం, మేడం అని వెనక తిరుగుతుంటే కొంచెం గర్వం కూడా వచ్చింది. దాచడం దేనికి?

వాళ్ళలో జ్ఞానాంబ అని ఒక పిల్ల. ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో పల్లె. తండ్రి గోవిందస్వామికి ఆరు ఆవులు, కాస్త మడిచెక్క ఉన్నాయి. క్లాసులో కప్పను కోసేటప్పుడు మిగతా పిల్లలు ముక్కు మూసుకుంటే ఈమె దగ్గరికొచ్చి, "మా ఆవుకు దూడ అడ్డం తిరిగితే నేనే చెయ్యి పెట్టి సరిచేసినాను మేడం" అంది. ఫస్టు క్లాసులో పాసయింది. తిరుపతిలో పశువుల డాక్టరు చదువుకు ఈమె కాకపోతే ఎవరు పోవాలి? దరఖాస్తు నేనే తెప్పించాను. గడువు ఇంకా రెండు రోజులుందనగా ఫారం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అన్నీ నింపింది, తండ్రి సంతకం ఒక్కటి లేదు.

"మా నాయన ఒప్పుకున్నాడు మేడం. ఎద్దులు కొనేదానికి పరసకు పోయినాడు. వచ్చేదానికి నాలుగు దినాలు పడతాది" అంది.

మూడింటికి రిజిస్టరు పోస్టు కట్టేస్తారు. గడియారం రెండున్నర చూపిస్తోంది. పిల్ల కళ్ళనిండా నీళ్ళు. అక్కా, నేను పెన్ను మూత తీసి తండ్రి సంతకం ఉండాల్సిన చోట పి. గోవిందస్వామి అని రాసేశాను. పెద్దమనిషి సంతకంలాగా ఉండాలని కింద ఒక గీత కూడా లాగాను.

మొన్న శనివారం మా కాలేజీ చిరునామాకే ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. ఆగస్టు ఇరవై ఒకటిన తండ్రి స్వయంగా వచ్చి పూచీ కాగితం మీద సంతకం చెయ్యాలట, దాన్ని దరఖాస్తులోని సంతకంతో సరిచూస్తారట. అది చదివి జ్ఞానాంబ బెంచీ మీద కూలబడింది. అప్పుడు చెప్పింది. తండ్రి ఒప్పుకోలేదు, ఆయనకు ఈ సంగతే తెలియదు. అంతకంటే పెద్ద మాట, "మా నాయనకు సంతకం రాదు మేడం. వేలిముద్రే."

పోయిన ఏడాది స్కాలర్‌షిప్పు కోసం తీసుకున్న ఆదాయం సర్టిఫికెట్టును నా చేత్తోనే దరఖాస్తుకు గుచ్చాను. దాని వెనక పక్క నల్లగా వేలిముద్ర ఉందట. నేను తిప్పి చూడలేదు. మనింట్లో తాతల కాలం నుంచీ అందరూ రాసేవాళ్ళే, తండ్రి అన్నవాడికి సంతకం రాకపోవడం అన్న ఊహే నాకు రాలేదు. ఇప్పుడు అదే ఫైల్లో ఒకే మనిషి వేలిముద్రా ఉంది, సంతకమూ ఉంది.

నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పోయిన ఏడాది ఇక్కడ ఒక గుమాస్తా ఎవరో పిల్లవాడి పుట్టినతేదీ దిద్దితే పోలీసులు వచ్చి వరండాలో నుంచి తీసుకుపోయారు. పిల్లలందరూ చూశారు. రెండు రోజులుగా గేటు చప్పుడైతే చాలు, కిటికీలోంచి తొంగి చూస్తున్నాను. నా సంగతి సరే, దొంగ సంతకమని తేలితే జ్ఞానాంబను ఇంక ఏ కాలేజీలోనూ చేర్చుకోరేమో.

ఎందుకు చేశావని నువ్వు అడుగుతావు. నీకు ఎన్నడూ చెప్పని మాట ఒకటుంది. మార్కులు చాలక నాకు మెడిసిన్ సీటు రాలేదని అందరికీ చెప్పాను. అది అబద్ధం. నా దరఖాస్తు అసలు పోలేదు. మంచిరోజు చూసి సంతకం పెడతానని నాన్న దాన్ని పెరుమాళ్ళ ముందు పెట్టారు. అష్టమి అన్నారు, నవమి అన్నారు, ఆ తర్వాత మంగళవారం అన్నారు. శుక్రవారంతో గడువు దాటిపోయింది. ఆయన కావాలనే చేశారో, నిజంగానే రోజులు చూశారో నేను అడగలేదు. ఇప్పుడు ఆయన పోయి నాలుగేళ్ళు. అందుకని ఖాళీగా ఉన్న సంతకం చోటు కనబడితే నాకు ఊపిరాడదు.

ఇంక పని సంగతి. బావగారు ఆ ఒక్కరోజు తిరుపతి వచ్చి గోవిందస్వామినని చెప్పి సంతకం పెట్టి పోగలరా? ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది. భయం సిగ్గును మింగేసింది.

నీ చెల్లెలు,
కుముదవల్లి


శ్రీకాళహస్తి,
29-7-1978.

కుముదానికి, అక్క ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి చించేశాను. బావగారికి చూపించలేదు. చూపిస్తే ఆయన నిన్ను ఏమీ అనరు, నాలుగు రోజులు అన్నం మానేస్తారు. అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడే మనిషిని తీసుకెళ్ళి నామం తుడిచి, తలపాగా చుట్టి, ఆరు ఆవుల రైతునని చెప్పించమంటావా? ఆవుకు ఏ పక్క కూర్చుని పాలు పితుకుతారని కమిటీలో ఎవరైనా అడిగితే ఆయన నా మొహం చూస్తారు. నీకు బుద్ధి పూర్తిగా పోయిందని నేను అనుకోవడం లేదు. భయంలో ఉన్నావు.

ఒక దొంగపనిని దాచడానికి రెండోది చెయ్యకు. నువ్వు ఎవరి పేరు రాశావో ఆ మనిషి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్నాడు. ఆయన దగ్గరికి పో. ఆయన తిడితే తిట్లు తిను. ప్రిన్సిపాలు దగ్గరికి పోతానంటే నువ్వే ముందు నడువు.

నీ దరఖాస్తు సంగతి నాకు తెలుసు. దేవుడి గూట్లో తులసి కింద ఆ కాగితాన్ని నేను రోజూ చూశాను. నాకు పెళ్ళి కుదిరి ఉంది, ఇంట్లో గొడవ లేస్తుందేమోనని నోరెత్తలేదు. పదకొండేళ్ళుగా నువ్వు మార్కులు చాలలేదని చెబుతుంటే తల ఊపుతూ కూర్చున్నాను. నాన్న కాలయాపన చేస్తే నేను చూస్తూ ఊరుకున్నాను. నన్ను క్షమించమని అడిగే ధైర్యం కూడా ఇన్నాళ్ళూ లేకపోయింది.

వెంటనే పో. మంచిరోజు చూడకు.

అక్క,
పెరుందేవి


పలమనేరు,
7-8-1978.

అక్కా, నీకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నీ మీద కోపం రాలేదు. నాతోపాటు ఇంకొకరికి తెలుసుననేసరికి ఏదో బరువు దిగింది. దాని గురించి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

నువ్వు చెప్పినట్టే నిన్న ఆదివారం పొద్దున బయలుదేరాను. ముసురు పట్టి ఉంది. బస్సు దిగి బురదలో నడుస్తుంటే, ఆయన ఇంట్లో లేకపోతే బాగుండునని దారిపొడుగునా మొక్కుకున్నాను. ఉన్నాడు. పొడుగాటి మనిషి. గడ్డిచుట్టతో ఆవు వీపు రుద్దుతున్నాడు. నన్ను చూసి గబగబా తలగుడ్డ సర్దుకున్నాడు.

"పాప ఏమన్నా తప్పు చేసిందా అమ్మా?" అన్నాడు.

"పాప కాదు. నేను చేశాను" అన్నాను. నిలబడే మొత్తం చెప్పేశాను. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. జ్ఞానాంబ గుమ్మంలో తల వంచుకుని నిలబడింది. ఆమె తల్లి సిద్ధమ్మ చేతిలో మజ్జిగ చెంబు అలాగే ఉండిపోయింది.

ఆయన ఆవును రుద్దడం ఆపలేదు. "నా పేరు నువ్వు పెట్టినావా?" అన్నాడు.

"పెట్టాను."

"ఎట్ల పెట్టినావు? సూపించు."

ఇంటర్వ్యూ కార్డు వచ్చిన కవరు సంచిలో ఉంది. దాని వెనక మళ్ళీ రాశాను, గీతతో సహా. ఆయన చేతులు పంచెకు తుడుచుకుని దాన్ని తీసుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇదేనా నేను?" అన్నాడు. నవ్వలేదు.

నేను తిరుపతి చదువు గురించి చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ ఇంట్లో అచ్చరం వచ్చింది పాపకొక్కదానికే. పాల చీటీ సదవాలన్నా అదే, కరెంటాఫీసు కాగితం సదవాలన్నా అదే. అది పోతే మాకెవురు సదివి చెప్పాల? నువ్వొచ్చి చెప్తావా?"

ఆ పిల్లను ఎక్కడికి పంపాలో మాత్రమే నేను ఆలోచించాను. ఆమె వెళ్ళిపోతే ఆ ఇంట్లో ఏమవుతుందో ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

ఆయన కవరును మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు. "నువ్వు పో తల్లీ. నేను సూసుకుంటా" అన్నాడు. సిద్ధమ్మ మాత్రం, "వానలో వచ్చినారు, మజ్జిగన్నా తాగి పోండమ్మా" అంది. తాగాను. చెంబు ఆమెకిచ్చి బయలుదేరాను.

బస్సెక్కాక గాని నాకు తెలియలేదు, నేనేం చేశానో. నా నేరానికి సాక్ష్యం నా చేత్తోనే రాసి ఆయన చేతిలో పెట్టి వచ్చాను. నేను సూసుకుంటా అంటే ఏమిటి అక్కా? పిల్లను చూసుకుంటాననా, నన్ను చూసుకుంటాననా? ఈరోజు ప్రిన్సిపాలుగారు పిలుస్తున్నారని ప్యూను వచ్చి చెబితే, పోలీసులే వచ్చారనుకుని వెళ్ళాను. ఆయన అడిగింది సుద్దముక్కల లెక్క.

ఒకటి నిశ్చయించుకున్నాను. ఇరవై ఒకటో తేదీ తిరుపతి వెళతాను. గోవిందస్వామి రాకపోతే ఆ సాయంత్రమే తిరిగొచ్చి ప్రిన్సిపాలుగారికి అన్నీ చెప్పేస్తాను. సంతకం నాదని, పిల్ల తప్పు లేదని రాసిస్తాను. తర్వాత ఏమైనా కానీ. ఇలా రాస్తున్నప్పుడు ధైర్యంగానే ఉంది. దీపం పెట్టే వేళకు మళ్ళీ భయం పట్టుకుంటుంది.

కుముదం


తిరుపతి,
21-8-1978, సాయంత్రం.

అక్కా,

బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. పలమనేరు బస్సుకు ఇంకా గంట టైముంది. ఒళ్ళో సంచి మీద కాగితం పెట్టుకున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

పద్నాలుగు రోజులు ఆ ఇంటి నుంచి ఏ కబురూ లేదు. పొద్దున తొమ్మిదింటికే కాలేజీ వరండాలో నిలబడ్డాను. పదిన్నర దాకా వాళ్ళు రాలేదు. జ్ఞానాంబ పేరు ఒకసారి పిలిచారు కూడా. ఎవరూ పలకకపోతే పక్కన పెట్టారు. ఆ క్షణంలో నాకు భయం కూడా పోయింది, అంతా అయిపోయిందనిపించింది. అప్పుడు గేటు దగ్గర ముగ్గురూ కనిపించారు. దారిలో బస్సు చెడిపోయిందట. గోవిందస్వామి తెల్లచొక్కా తొడుక్కున్నాడు. నన్ను చూశాడు, పలకరించలేదు.

వరండాలో మేజా వేసుకుని ఒక గుమాస్తా సర్టిఫికెట్లు సరిచూస్తున్నాడు. ఫైలు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. ఏ కాగితం దగ్గర ఆగాడో నాకు తెలుసు.

"ఏమప్పా, ఆదాయం కాగితంలో వేలిముద్ర ఉండాది. దరఖాస్తులో సంతకం ఉండాది. గోవిందస్వామి ఒకడా, ఇద్దరా?"

నేను స్తంభాన్ని పట్టుకున్నాను. నోరు తెరిచి నేనే పెట్టానని చెప్పెయ్యాలి అనుకున్నాను.

"ఒకడే సామీ" అన్నాడు గోవిందస్వామి. "ముందు రాదు. ఇప్పుడొస్తాది."

"అట్లయితే పెట్టు" అని గుమాస్తా పూచీ కాగితం తోశాడు.

ఆయన వంగి ఎడమచెయ్యి కాగితం మీద వెడల్పుగా ఆనించాడు. పెన్నును పిడికిలితో పట్టుకున్నాడు. ఒక్కొక్క అక్షరానికీ ఆగుతున్నాడు. వెనక వరసలో ఎవరో తొందరపెట్టారు. ఆయన తలెత్తలేదు. అంతా అయిందనుకున్నాక, మళ్ళీ పెన్ను ఆనించి కింద గీత లాగాడు. గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అటూ ఇటూ చూశాడు, మళ్ళీ చూశాడు. తర్వాత ముద్ర కొట్టి, "లోపలికి పో పాపా" అన్నాడు.

మూడింటికి జాబితా అంటించారు. జ్ఞానాంబకు సీటు వచ్చింది. సిద్ధమ్మ కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. నేను గోవిందస్వామి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాను. మీరు నన్ను కాపాడారు అనబోయాను. ఆయన ఆ మాట అననివ్వలేదు.

"ఆ పొద్దు నిన్ను పోలీసులకు సూపించాలనే ఆ కాగితం తలగుడ్డలో పెట్టుకున్నా. అబద్ధం చెప్పేదెందుకు? పాప మూడు దినాలు కూడు ముట్టలే. నాలుగో దినం ఆ కాగితం తీసి, ఇందులో నా పేరు యాడ మొదులవుతాదో సూపించు అన్నా. బొగ్గుతో గొడ్ల కొట్టం గోడకు రాసి రాసి నేర్పించింది. ఇప్పుడా గోడంతా నేనే ఉండా. సిద్ధమ్మ గూడా దాని పేరు రాస్తా ఉండాది. రేపు పాల చీటీ మేమే సదువుకోవాల గదా."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

"నువ్వొచ్చి నన్ను అడిగింటే, వద్దనే చెప్పుంటా" అన్నాడు. "అదీ నిజమే. కానీ వద్దని చెప్పేదానికైనా నాకు తావు ఇయ్యాల గదా తల్లీ. నాకేమీ తెలీదని నువ్వే తేల్చేసినావు."

అది నాన్న గురించి నేను ఇన్నేళ్ళూ లోపల అనుకుంటున్న మాటే అక్కా. అదే మాట ఇప్పుడు నేను అనిపించుకోవలసి వచ్చింది. ఆయన గొంతు కొంచెం మెత్తబడింది.

"ఈ పొద్దు పెట్టింది నేను. పంపిస్తా ఉండేదీ నేనే. ఇంగ మీద నా పేరు నువ్వు రాయొద్దు. నేను రాస్తా."

నీ చెల్లెలు,
కుముదవల్లి