చెప్పుల గది నుంచి

తమ్ముడూ,

ఫోన్ ఉండగా కాగితం మీద రాసిందేమిటని కంగారు పడకు. అందరం క్షేమమే. ల్యాప్‌టాప్ సంగతి చెప్పాలి.

"వైరస్ రాదక్కా" అంటూ నువ్వే దాంట్లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించావు. నిజమేరా, ఈ దేశంలో దిగాక వైరస్ కాదు కదా, వైఫై కూడా రాలేదు. పక్కింటివాళ్ళది కనిపిస్తుంది, మాది కనిపించదు. నిన్నడిగితే నెట్ నుంచి ఏదో దించుకోమన్నావు. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు!

చివరికి రౌటర్‌కి వైరు తగిలించాను. ఆ రౌటరేమో గుమ్మం పక్కన చెప్పులు పెట్టుకునే బుల్లి గదిలో ఉంది, వైరేమో మూరెడు. అందుకని అక్కడే పీట వేసుకుని, తలుపు మూసుకుని ఆఫీసు పని చేశాను.

మొన్న ఆఫీసులో ఒకావిడ కిటుకు చెప్పింది. ల్యాప్‌టాప్ ఇంకా మన దేశంలోనే ఉన్నాననుకుంటోందట, అందుకే మా వైఫై వచ్చే ఛానెల్‌ని పట్టడం లేదట. సెట్టింగుల్లో దేశం మార్చగానే టక్కున కలిసింది.

సంబరంగా హాల్లో సోఫా ఎక్కాను. మీటింగు మొదలైందో లేదో, మీ బావ వచ్చారు. "తువ్వాలేదీ? పంచదార డబ్బా ఎక్కడ పెట్టావ్? నా కళ్ళజోడు చూశావా?" కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. ఆఫీసంతా చూసింది.

వైఫై మళ్ళీ పోయిందని చెప్పి చెప్పుల గదికి వచ్చేశాను. అనుమానం రాకుండా వైరు కూడా గుచ్చాను. ఫోన్‌లో చెబితే వింటారని ఈ కాగితం. ఆయన నీకు ఫోన్ చేస్తే, లినక్స్ అంతే బావా, ఇప్పట్లో బాగుపడదని గట్టిగా చెప్పు.

కంపు కొడుతున్నా హాయిగా ఉన్న
మీ అక్క