‘తనంతట తానే వెళ్ళిపోయింది’ అన్న నా రాతను కొట్టివేయుట గురించి

జిల్లా వరద సహాయ అధికారి గారి సముఖమునకు,

ఆంధ్రాలో మండల రెవెన్యూ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరై, ప్రస్తుతం ఈ దేశం వచ్చి ఈ ఊళ్ళో కుమార్తె ధరణి ఇంట ఉంటున్న పాలడుగు సీతారామారావు, వయస్సు 69, దాఖలు చేసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నవంబరు వరదలో మరణించిన కృష్ణవతి గారి పేరు నిర్వాసితుల జాబితాలో చేర్చుట, సదరు ఫైలులో నేను రాసిన కారణమును రద్దు పరచుట గురించి.

1. నది గట్టు తెగి లోయలోని పొలాలన్నీ మునిగినప్పుడు, హైస్కూలు ఆటల హాలులో తమరు తెరిచిన సహాయ కేంద్రంలో నేను వాలంటీరుగా పనిచేసితిని. తెలుగు, హిందీ వచ్చునని నన్ను ఇంగ్లీషు రానివాళ్ళ టేబుల్ దగ్గర కూర్చోబెట్టినారు. ఖాళీ చేయించిన ఇళ్ళ అడ్రసుల జాబితా నా ముందు ఉండేది. అడ్రసు సరిపోతే రిజిస్టర్ చేసి మంచం, దుప్పటి, భోజనం చీటీ ఇవ్వడం నా విధి.

2. సోమవారం ఉదయం పది గంటల ప్రాంతంలో కృష్ణవతి అనే ఆవిడ నా టేబుల్ దగ్గరకు వచ్చినారు. వయస్సు డెబ్బై ఒకటి. ఫిజీలో పుట్టిన తెలుగు మనిషి. విజేంద్ర అనే ఆసామి బ్లూబెర్రీ తోటలో పళ్ళు ఏరి ప్యాక్ చేస్తూ, అక్కడి షెడ్డు వెనక ట్రైలర్ అనే చక్రాల గదిలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నారు. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నారు. నా చొక్కా మీది పేరు చూసి, చదవలేక, పక్కవాళ్ళ చేత చదివించుకుని నవ్వినారు.

“మీరు మనోళ్ళేనా బాబూ? మా తాతది వైజాగు అవతల ఊరు. పేరు నాకు తెల్దు.”

నేను కుర్చీ చూపించలేదు. అడ్రసు ప్రూఫ్ అడిగితిని.

3. ఆమె వద్ద హెల్త్ కార్డు ఉంది, దాని మీద అడ్రసు లేదు. తోట అడ్రసు మీద విజేంద్ర కుటుంబం నలుగురు అప్పటికే రిజిస్టరై హోటలు బసకు పోయి ఉన్నారు. ట్రైలర్ జాబితాలో లేదు. యజమాని చేత చెప్పించమన్నాను. ఆమె ఫోను స్పీకరులో పెట్టి నా ముందే విజేంద్రకు కాల్ చేసినారు. ఆ ట్రైలర్‌కు పర్మిట్ లేదని తర్వాత తెలిసింది. ఆ పూట అతను నాతో అన్న మాట ఇది.

“అంకుల్, మా తోటలో ఎవరూ ఉండరు. ఆవిడెవరో నాకు తెలీదు.”

ఫోను పెట్టేశాడు. ఆమె కాసేపు ఫోను కేసి చూసి, “పిల్లలు అల్లరి చేస్తున్నారేమో, నా పేరు సరిగా వినపళ్ళేదు” అన్నారు.

4. మధ్యాహ్నం మళ్ళీ వచ్చినారు. ప్రూఫ్ లేదన్నాను. రెండు గంటలకు మళ్ళీ వచ్చినారు. ఈసారి జరిగిన సంభాషణ నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తు ఉన్నది కనుక దాఖలు చేయుచున్నాను.

“పెన్షను ఆఫీసోళ్ళ ఉత్తరం ఒకటి ఉన్నాది బాబూ. ట్రైలర్‌ల, పరుపు కింద.”

“అది తెస్తే చాలమ్మా.”

“రోడ్డు మూసినారు కదా.”

“అది నా పరిధిలోని విషయం కాదు.”

“అయితే ఇక్కడ గోడవార కూకోనా? మంచం వద్దులే.”

“లైనుకు అడ్డమవుతుంది. బయట కూర్చోండి.”

బయట వాన పడుతోంది. ఆ సంగతి నాకు తెలుసు. తర్వాతి టోకెన్ పిలిచాను.

5. ఆమె వెళ్ళినట్లు గమనించి, ఫైలు మూసివేయుటకు కారణం అనే గడిలో ‘ప్రూఫ్ సమర్పించలేదు, తనంతట తానే వెళ్ళిపోయింది’ అని ఇంగ్లీషులో టైపు చేసితిని. ఆ వాక్యం బాగా కుదిరిందని కూడా అనుకొంటిని. నాలుగు గంటలకు గట్టు రెండో చోట తెగింది.

6. గురువారం పడవవాళ్ళు ఆమెను తోట కంచె దగ్గర తీశారు. శవాన్ని చూసి ఫలానా అని చెప్పేందుకు తెలిసిన మనిషి రావాలంటే విజేంద్ర రానన్నాడు. నేను వెళ్ళాను. మొహం గుర్తు పట్టడానికి కొంచెం సేపు పట్టింది. మూడుసార్లు వచ్చిన మనిషి మొహం నేను సరిగా చూడలేదు. చలికోటు లోపల, గుండె దగ్గర, పాలిథీన్ కవరులో పెన్షను ఉత్తరం ఉంది. తడవలేదు. తోట అడ్రసు, పక్కన ట్రైలర్‌కు గుర్తుగా ‘బి’ అక్షరం, ఆమె పేరు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. నేను రిజిస్టర్ చేసి ఉండేవాణ్ణి.

7. సర్రీ నగరంలో ఉంటున్న ఆమె చెల్లెలి కూతురు శ్రేయా అంత్యక్రియలకు సహాయం కోరితే, తమ కార్యాలయం తిరస్కరించినది. ‘మృతురాలు నమోదైన నిర్వాసితురాలు కారు, నిషేధించిన ప్రాంతంలోకి స్వంత ఇష్టంతో వెళ్ళినారు’ అని జవాబు. దానికి ఆధారంగా చూపినది నా వాక్యమే. మూడు వారాలుగా శవం మార్చురీలో ఉన్నది. శ్రేయా నాకు ఫోను చేసి, “మా పెద్దమ్మతో చివరగా మాట్లాడింది మీరేనట కదా అంకుల్, ఏమంది?” అని అడిగింది. గోడవార కూర్చుంటానంది అని నేను చెప్పలేదు. బాగానే మాట్లాడిందమ్మా అన్నాను.

8. ఈలోగా టౌన్ హాల్లో నాకు ప్రశంసాపత్రం ఇచ్చినారు. చప్పట్లు కొట్టినారు. ధరణి ఫొటో తీసి, ఆ పత్రానికి ఫ్రేము కట్టించి ఇంటి హాల్లో తగిలించింది. దానిని ఫ్రేముతో సహా ఇందువెంట వాపసు చేయుచున్నాను. రసీదు అక్కరలేదు.

కావున తమరు దయతో: ఆమె తనంతట తాను వెళ్ళలేదనియు, నేను పంపగా వెళ్ళినదనియు ఫైలులో సవరించవలెను. ఆమె పేరు సోమవారం ఉదయం పది గంటల నుంచి అమలులోకి వచ్చునట్లు జాబితాలో చేర్చవలెను. శవాన్ని ఆమె మనుషులకు ఇప్పించవలెను. ప్రూఫ్ కోసం ఏ ఒక్కరినీ నీళ్ళలోకి వెనక్కు పంపరాదని అన్ని కేంద్రాలకూ ఉత్తర్వు ఇవ్వవలెను. ఈ నాలుగూ చిత్తగించవలెను. తిరస్కరించదలిస్తే కారణం నాకు రాసి పంపండి, ఆమె మనుషులకు కాదు.

ఇట్లు,
తమరు చెప్పినదానికంటే ఎక్కువ విధేయుడు,
పాలడుగు సీతారామారావు

తా.క.: పైన ఒక సంగతి రాయలేదు. వాలంటీర్లకు ఇచ్చిన సూచనల కాగితం నా టేబుల్ మీద అతికించి ఉండేది. చివరి లైను: ‘కాగితాలు లేనివారిని ముందు లోపలికి తీసుకోండి, మూడు రోజుల్లో విచారించవచ్చు.’ సోమవారం ఉదయం ఎనిమిదింటికే చదివాను. అర్థమైంది. మా ఆఫీసులో కూడా ప్రతి ఉత్తర్వులోనూ అలాంటి లైను ఒకటి ఉండేది. ముప్పై ఒక్క ఏళ్ళలో దాన్ని చూసి ఒక్కణ్ణీ లోపలికి రానివ్వలేదు. జనం పోయి కాగితం పట్టుకుని తిరిగి వస్తుంటే నాకు బాగుండేది. ఆవిణ్ణి పంపినప్పుడు కూడా బాగానే ఉంది.

నాకు ఇంగ్లీషులో అర్జీ రాయడం వచ్చు. కానీ ఈ కవరు రేపు తమ కార్యాలయంలో ఇవ్వబోయేది శ్రేయా. తనకు తెలుగు మాట్లాడటం కొంచెం వచ్చు, చదవడం రాదు. “ఇందులో ఏం రాశారు అంకుల్?” అని అడిగితే, మీ పెద్దమ్మ గురించి మంచిగా రాశానమ్మా అన్నాను. రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పింది. దీన్ని తమరు తర్జుమా చేయించినప్పుడు, దయచేసి ఆ పిల్ల ముందు చదివించవద్దు.